తాళం వేసిన ఇల్లు, కొక్కేనికి పాత సంచి

నలుగురికి సెలవులొచ్చాయంటే క్రైం డ్యూటీలో ఉన్న పోలీసుకి పని మొదలైందన్నమాట. దసరా, క్రిస్మస్, వేసవి, ఆదివారానికి అతుక్కుని వచ్చే ఏ పండగైనా సరే, క్యాలెండర్లో జనానికి ఎర్ర అంకె కనిపిస్తే నాకు తాళం కప్ప కనిపించేది. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల స్టేషన్లలో తిరిగి తిరిగి చివరికి ఎస్సైగా రిటైరయ్యాను. మొన్నామధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికొచ్చి, "ట్రైనింగులో చెప్పనివేమైనా ఉంటే చెప్పండి సార్" అన్నారు. ఉన్నాయి. కాఫీ తాగేలోపు అయ్యేవి కావు కాబట్టి ఇలా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. కాలేజీ రోజుల్లో సంఘసంస్కరణ సభల్లో వాదించి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. యూనిఫాం వేసుకున్నాక గొంతు తగ్గించాను గాని వాదన తగ్గించలేదు. దేవుడి గురించి ఎవరితోనూ తగవు పెట్టుకోను. దొంగని పట్టుకునే పని దేవుడికి అప్పజెబితే మాత్రం పెట్టుకుంటాను.

రాలిన కొబ్బరి మట్ట

ఇళ్ళ దొంగతనాల గురించి నాకు అసలు చదువు చెప్పింది ఒక దొంగ. అప్పటికే ముసలివాడు, మోకాళ్ళు పోయి వృత్తి మానేశాడు. సంతకం పెట్టడానికి స్టేషనుకి వచ్చినప్పుడల్లా టీ ఇప్పించి కబుర్లలో పెట్టేవాణ్ణి.

"ఇంట్లో ఎవరూ లేరని నీకెలా తెలుస్తుందయ్యా?" అని ఒకసారి అడిగాను.

"తాళం చూస్తామనుకుంటున్నారా అండి? తాళం దగ్గరికెళ్తే గాని కనపడదు కదండీ. వాకిలి చూస్తామండి. పొద్దెక్కినా ముగ్గు లేదంటే ఒక మార్కు. పెరట్లో కొబ్బరి మట్ట రాలి నిన్నటి చోటే పడుంటే రెండో మార్కు. మట్ట పక్కన కాయ కూడా పడుండి ఎవరూ తియ్యలేదనుకోండి, ఇంక ఆ ఇల్లు మాదేనండి."

"మూడు మార్కులకే పాసా?"

"మీ పరీక్షల్లాగ కాదండి. మాకు తప్పితే తంతారు."

కోనసీమలో రాలిన కాయని ఏరుకోని ఇల్లంటూ ఉండదు. మనిషి ఉంటే మట్ట ఈడ్చి గోడకి చేరుస్తాడు, కాయ లోపల పెడతాడు. ఊరెళ్ళేవాళ్ళు మూడు తాళాలు వేసి, గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టి, దానికి నిమ్మకాయా మిరపకాయలూ తోడిచ్చి వెళతారు. ఆ ఖర్చుతో పొరుగింటి పిల్లకి రోజూ ఒక ముగ్గు వెయ్యమని, రాలిన మట్ట తియ్యమని చెబితే అంతకన్నా మంచి కాపలా లేదు. ముసలాడి ముందు ఆ మాటే అన్నాను.

"గుమ్మడికాయ మంచిదేనండి" అన్నాడతను. "చీకట్లో గుమ్మం ఎక్కడుందో దాన్ని తడిమి తెలుసుకునేవాణ్ణండి."

మన మర్యాద

రెండో బలహీనత మన నోరు. కోనసీమలో చెప్పకుండా ఊరెళ్ళడం అమర్యాద. వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి "వెళ్ళొస్తామండీ" అనాలి. బస్సు కోసం నిలబడితే అవతలివాడు "ఎక్కడికండీ బయల్దేరేరు? అందరూనా? ఎప్పుడొస్తారు?" అని అడుగుతాడు. అడక్కపోతే వాడికి అమర్యాద, జవాబు చెప్పకపోతే మనకి అమర్యాద. ఇప్పుడు దానికి ఫోను తోడైంది. సముద్రం ఒడ్డున కుటుంబమంతా నవ్వుతున్న ఫొటో స్టేటస్‌లో పెడితే, ఇంట్లో ఎవరూ లేరన్న కబురుని రంగుల్లో అచ్చువేసి పంచినట్టే.

తాళం చెవి సంగతి ఇంకా ముద్దొస్తుంది. తులసికోట మట్టిలో, గుమ్మం పై పట్టె మీద, కొబ్బరి డొక్కల రాశి కింద. "మాకు మాత్రమే తెలుసండీ" అంటారు. ఆ మూడు చోట్లూ వెతికితే ఏ వీధిలోనైనా సగం ఇళ్ళు తెరుచుకునేవి. అంతకన్నా నమ్మకస్తుల చేతికి ఇవ్వడమే మేలు. చేతికిచ్చాక ఆ మనిషిని నమ్మాలి కూడా. నేను చెప్పబోయే కథంతా ఆ నమ్మడం గురించే.

ఎలా వెళ్ళారో అడుగు

నా కింద పనిచేసిన వాళ్ళకన్నా, నా పైన పనిచేసిన వాళ్ళ దగ్గరే తక్కువ నేర్చుకున్నాను. దొంగతనం జరిగిందంటే పంచాంగం తీసి ఏ దిక్కుకి పోయిందో లెక్కగట్టే ఒక అధికారి ఉండేవారు. జీపుని ఆ దిక్కుకే పంపేవారు. ఆ దిక్కున గోదావరి అడ్డొస్తే బల్లకట్టు లాంటి పంటు ఎక్కించేవారు. దొంగ మాత్రం ఎప్పుడూ పంటు ఎక్కలేదు.

ఒక్క సీఐ గారు మాత్రం బంగారం లాంటి మాట చెప్పారు. "ఏం పోయిందని అందరూ అడుగుతారు. నువ్వు ఇంటివాళ్ళు ఊరికి ఎలా వెళ్ళారో అడుగు. మళ్ళీ వెళ్ళి చూపించమను. నోరు మరిచిపోయినా చెయ్యి మరిచిపోదు."

అప్పటినుంచి అది నా పద్ధతి. ఇంట్లో దొంగలు పడ్డారంటే ఇంటివాళ్ళచేత ఊరెళ్ళిన రోజుని మళ్ళీ ఆడించేవాణ్ణి. ఎవరు ముందు చెప్పులేసుకున్నారు, ఎవరు గ్యాసు కట్టేశారు, ఎవరి చేతిలో ఏ సంచి ఉంది, అంతా. వాళ్ళు నవ్వుకునేవాళ్ళు, ఊరు వినోదం చూసేది. పని మాత్రం జరిగేది.

సెలవులకి ముందు మైకు ఆటో తిప్పడం కూడా ఆ సీఐ గారే పెట్టించారు. ప్రకటన కూడా ఆయనే చెప్పారు: "ప్రజలారా, బీరువాలో బంగారం పెట్టకండి, దొంగ ముందు చూసేది బీరువానే. బ్యాంకు లాకర్లో పెట్టండి." మంచి మాటే. అయితే ఆటో ఆగకుండా నడుస్తూ ఉండేది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

తమలపాకు మీద కాటుక

కొత్తపేట దగ్గర ఒక ఊరు. పేరు అనవసరం. ఆ ఊళ్ళో శాస్త్రి మాస్టారు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేవారు. తాతగారు వేదపండితులు, ఈయన చేతిలో అయస్కాంతం. "దిక్కులు మనం పెట్టుకున్న గుర్తులర్రా, వాటికి శూలాలూ బల్లేలూ ఉండవు" అని పిల్లలకి చెప్పే మనిషి. నాకు ఆయనంటే ఇష్టం. మా సభలకి వచ్చి మాట్లాడేవారు కూడా.

దసరా సెలవులకి మాస్టారు, ఆయన భార్య అన్నపూర్ణ గారు అరకు వెళ్ళారు. తాళం చెవి ఇంట్లో పనిచేసే వెంకటలక్ష్మికి ఇచ్చారు, మొక్కలకి నీళ్ళు పొయ్యమని. తిరిగొచ్చి చూస్తే అన్నపూర్ణ గారి రెండు పేటల గొలుసు, గాజులు లేవు. వీధి తాళం విరగలేదు. బీరువా తాళం విరగలేదు. అన్నపూర్ణ గారు నగలు బీరువాలోనే పెట్టానన్నారు. మరి తాళం చెవి ఎవరి దగ్గరుంది? వెంకటలక్ష్మి దగ్గర.

ఫిర్యాదు నా దగ్గరికి వచ్చేలోపే ఆ ఊరి పెద్దమనుషులు అంజనం వేయించేశారు. పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చి, మాస్టారి వీధరుగు మీదే కూర్చుని, తమలపాకుకి కాటుక పూసి, అందులోకి తొంగిచూసి, "ఇంట్లోకి వచ్చిపోయే ఆడమనిషి. చంకలో బిందె" అన్నాడట. వీధి వీధంతా ఆహా అంది.

ఆలోచించండి. ఇంట్లోకి వచ్చిపోయే ఆడమనిషి, చంకలో బిందె. ఆ ఊళ్ళో ఈ వర్ణనకి సరిపోని ఇల్లు ఉందా? ఆ ఆకులో ఏమీ కనిపించదు. చుట్టూ నిలబడ్డ మనుషుల మొహాల్లో మాత్రం అంతా కనిపిస్తుంది, అంజనం వేసేవాడు చదివేది అదే. ఊరు ముందే ఎవరిని అనుకుందో వాడు ఊరికి తిరిగి చెబుతాడు, దక్షిణ పుచ్చుకుని. ఇది వట్టి అమాయకపు నమ్మకం అంటే నేను ఒప్పుకోను. సాక్ష్యం అక్కర్లేకుండా పేదమనిషి మీద తీర్పు చెప్పే కోర్టు అది. అప్పీలు లేదు.

అంత జరుగుతున్నా మాస్టారు ఏమన్నారని అడిగాను. "కుర్చీ తిప్పుకుని అటు కూర్చున్నారండి" అన్నాడు మా కానిస్టేబులు.

"నేనేనండి దొంగని"

మర్నాడు వెంకటలక్ష్మి తనే స్టేషనుకి వచ్చింది. నలభై దాటిన మనిషి, కొంగు నడుముకి బిగించి నిలబడింది.

"నేనేనండి, మీరు ఎతుకుతున్న దొంగని. కేసు రాసుకుంటారా, కాదని చెప్తారా, ఏదో ఒకటి ఇవాళ తేల్చండి."

"కూర్చోమ్మా. దొంగవని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండి. అదేనండి నా బాధ." కుర్చీ అంచున కూర్చుంది. "మాస్టారిల్లు కాక నాలుగిళ్ళలో చేస్తానండి. ఒకమ్మగారు నడుం నొప్పిగా ఉన్నట్టున్నావు, రెస్టు తీసుకోవే అన్నారు. ఒకమ్మగారు మిషను కొన్నాం కదే, బట్టలు అదే ఉతుకుతుంది అన్నారు. ఇంకో ఇద్దరు దీపావళెళ్ళేక రావే అన్నారు. ఒక్కరు దొంగా అంటే జుట్టు పట్టుకుందును కదండీ! అంత మర్యాదగా అన్నాక ఎవరి జుట్టు పట్టుకోనండి?"

నాకు నవ్వొచ్చింది, ఆమెకీ వచ్చింది. అంతలోనే కళ్ళు తుడుచుకుంది.

"మా ఆయన కొబ్బరి దింపు కార్మికుడండి. చెట్టెక్కితే నాలుగు పెరళ్ళు కనపడతాయి కదండీ, ఆయన్నీ మానిపించేరు. పని పోతే ఇంకో ఊళ్ళో చేసుకుంటామండి. పేరు పోతే ఏ ఊరెళ్ళాలండి?"

ఆ ఊళ్ళో దొంగిలించబడింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. గొలుసు దొరక్కపోయినా అన్నపూర్ణ గారు బతుకుతారు.

"రేపు పొద్దున్న మాస్టారి ఇంటికి రా" అన్నాను. "నువ్వూ చూడు."

మళ్ళీ అరకు ప్రయాణం

ముందు బీరువా చూశాను. చీరలు మడత నలగలేదు. పైన పరిచిన కాగితం మీద కలరా ఉండలు వరసలో ఉన్నాయి. దొంగ ఎంత మర్యాదస్తుడైనా, కోనసీమవాడైనా, బంగారం తీసుకుని కలరా ఉండలు సర్దిపెట్టి వెళ్ళడు. ఈ బీరువాలో బంగారం లేదని నాకు అనుమానం వచ్చింది. పైకి అనలేదు.

"మాస్టారూ, మీరిద్దరూ ఆ శనివారం ఎలా బయల్దేరారో అలా మళ్ళీ బయల్దేరి చూపించండి" అన్నాను.

"ఎందుకండీ ఈ నాటకం?" అన్నారు మాస్టారు.

"ప్రయోగం అనుకోండి. మీ సబ్జెక్టే కదండీ."

వీధిలో జనం చేరారు. వెంకటలక్ష్మి గేటు దగ్గర నిలబడింది. మాస్టారు సూట్‌కేసు తీసుకున్నారు. అన్నపూర్ణ గారు వంటింట్లోకెళ్ళి గ్యాసు కట్టారు, పెరటి తలుపు గడియ వేశారు, వేసి ముందు గదిలోకి వస్తూ, తెలియకుండానే తల పక్కకి తిప్పి గోడకేసి చూశారు. అక్కడో కొక్కెం. ఖాళీగా ఉంది. ఆవిడ చూపు దాని మీద ఆగిపోయింది. వెనకాలే వస్తున్న మాస్టారు కూడా ఆగిపోయారు.

"ఆ కొక్కేనికి ఏముండేదండి?" అన్నాను.

"ఏం లేదండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఒకేసారి ఒకే మాట అనడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

"సంచి ఉండేదండి" అంది గేటు దగ్గర్నుంచి వెంకటలక్ష్మి. "పాతగుడ్డల సంచి. నీళ్ళు పొయ్యడానికి వచ్చిన మొదటి రోజే లేదండి. అరకు చలి కదా, పట్టుకెళ్ళేరనుకున్నాను."

అన్నపూర్ణ గారు పీట మీద కూలబడ్డారు. "మైకులో బీరువాలో పెట్టొద్దన్నారు కదండీ. ఎక్కడ పెట్టాలో చెప్పేలోపు ఆటో మలుపు తిరిగిపోయింది. ఆలోచించి ఆలోచించి ఆ సంచిలో గుడ్డల మధ్యన పెట్టేను. పాతగుడ్డల్లో ఎవరు చూస్తారని. బయల్దేరే హడావుడిలో కొక్కెం కేసి చూడనేలేదు. పోయిందంటే జనం నవ్వుతారని బీరువా అన్నాను."

మాస్టారి మొహం చూడవలసింది. వీధిలో నిలబడ్డ జనాన్ని చూసి, మెల్లిగా నాతో "లోపలికి రండి, చెప్తాను" అన్నారు.

"ఇక్కడే చెప్పండి మాస్టారూ. అంజనం బయటే వేశారుగా."

ఆయన తల దించుకుని చెప్పారు. టిక్కెట్లు శనివారానికి దొరికాయి. శనివారం తూర్పుకి వెళితే వారశూల. శుక్రవారం మంచిది. అలాంటప్పుడు పెద్దలు ఒక ఉపాయం పెట్టారు: మంచి రోజున బట్టల సంచి ఒకటి పొరుగింట్లో పెడితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. దాన్ని ప్రస్థానం అంటారు. బడిలో శూలాల్ని వెక్కిరించే మాస్టారు, అన్నపూర్ణ గారు గుడికెళ్ళిన సమయం చూసి, కొక్కేనికున్న పాతగుడ్డల సంచి తీసుకెళ్ళి పక్కింటి రత్నం టీచరు గారింట్లో పెట్టి వచ్చారు. ఆవిడ మర్నాడు తెల్లారకుండానే ఇంటికి తాళం వేసి సెలవులకి రాజోలులో అక్కగారింటికి వెళ్ళిపోయారు. పాతగుడ్డలే కదా అని ఈయన మళ్ళీ పట్టించుకోలేదు.

"నమ్మకం లేదండీ నాకు" అన్నారు మాస్టారు. "ఏదో... ఎందుకైనా మంచిదని."

ఈ "ఎందుకైనా మంచిదని" అనే మాటని మా సభల్లో ఎవరూ ఓడించలేకపోయారు. మూఢనమ్మకం ఉన్నవాడితో వాదించవచ్చు. లేదంటూ చాటుగా పాటించేవాడితో ఎలా వాదిస్తాం?

రత్నం టీచరు గారి మంచం కింద

ఫోను చేస్తే రత్నం టీచరు గారు మధ్యాహ్నం బస్సుకి దిగిపోయారు. ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్. గేటు తీస్తూనే క్లాసు మొదలుపెట్టారు.

"ఏం మాస్టారూ! ఎవరికీ చెప్పొద్దన్నారు కదా, మీరే చెప్పేశారేంటి?"

"తప్పలేదు టీచరు గారూ."

"మా దేవుడికి శూలాలు పట్టింపు లేదండీ, మీ సంచి మా ఇంట్లో ఉంటే పనిచేస్తుందా అని నేనడగలేదూ? విజ్ఞానానికి మతం లేదమ్మా అన్నారు కూడానూ."

వీధంతా నవ్వింది. ఈసారి మాస్టారు కూడా నవ్వక తప్పలేదు. టీచరు గారు మంచం కింద నుంచి సంచి లాగారు. గుడ్డల మధ్య నుంచి గొలుసు, గాజులు జారిపడ్డాయి. "అయ్యో, ఇంత బంగారం మీద పడుకున్నానా! తెలిస్తే నిద్రపట్టేది కాదు" అన్నారావిడ.

జనం సంతోషంగా విడిపోవడం మొదలుపెట్టారు. "పోన్లెండి, దొరికింది కదా" అన్నారొకరు. "అంతా మంచికే" అన్నారింకొకరు. అన్నపూర్ణ గారు వెంకటలక్ష్మి చెయ్యి పట్టుకుని "రేపట్నుంచి వచ్చెయ్యవే" అన్నారు.

వెంకటలక్ష్మి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, కదల్లేదు కూడా.

"అమ్మగారూ, బంగారం దొరికిందండి. అది మీది. నాది ఇంకా దొరకలేదు కదండీ."

"క్షమించవే తల్లీ."

"మీరు ఇక్కడ నాకు చెప్తే నాకు తెలుస్తుందండి. నాకు ముందే తెలుసు కదండీ నేను తియ్యలేదని. ఆకులో బొమ్మ చూసి ఊరందరికీ చెప్పేరు. కాదని కూడా ఊరందరికీ చెప్పాలా వద్దా?"

కొత్తగా చేరిన అమ్మాయిలకి ఇక్కడ ఒక మాట. సొత్తు దొరకగానే ఫైలు మూసెయ్యాలనిపిస్తుంది. మూయకండి. నిందపడ్డ మనిషి తల ఎత్తుకుని ఆ వీధిలో నడిచేదాకా కేసు తెరిచే ఉంటుంది. ఏ చట్టంలోనూ ఈ మాట లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను మాస్టారికేసి చూశాను. ఆయన ఆ పాత సంచి చేతిలోకి తీసుకుని, "ఎస్సై గారూ, మీ మైకు ఆటో ఉందాండీ?" అన్నారు.

మలుపు దగ్గర ఆపిన ఆటో

ఆ సాయంత్రమే ఆటో తిప్పాం. ముందు డ్రైవరు పక్కన వెంకటలక్ష్మి, ఉతికిన చీర కట్టుకుని. వెనక నేను, మైకు పట్టుకుని మాస్టారు. ఈసారి ప్రతి మలుపులోనూ ఆటో ఆపించాను, మాట సగంలో తెగకుండా.

"నేను శాస్త్రి మాస్టార్నండి" అని మొదలుపెట్టారాయన. నాలుగో మాటకి బడిలో గొంతు వచ్చేసింది. "మా నగల్ని ఎవరూ తియ్యలేదండి. మా ఆవిడ దాచింది, నేను వారశూలకి భయపడి పొరుగింట్లో పెట్టాను. వెంకటలక్ష్మి ఏ తప్పూ చెయ్యలేదు. అంజనం అబద్ధం. నా అరుగు మీద అది జరుగుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం నా తప్పు. పిల్లలూ, దిక్కులకి శూలాలుండవు. ఇంతకు ముందు చెప్పాను, ఇప్పుడు నమ్మి చెప్తున్నాను."

నా జీవితంలో విన్న సభలన్నిటిలోకీ అది మంచి ఉపన్యాసం. పెద్దమనుషులున్న వీధిలోకి రాగానే వెంకటలక్ష్మి డ్రైవరుని తట్టింది.

"ఇక్కడ ఇంకోసారి చెప్పండి మాస్టారూ. ఆ డాబా మీదోళ్ళకి ఇనపడలేదు."

"వినపడిందే" అన్నాడు డాబా మీద నుంచి ఒక పెద్దాయన.

"ఆయ్, అయినా ఇంకోసారి ఇనండి. మంచి మాటేగా."

మాస్టారు మళ్ళీ చెప్పారు. దీపావళి వెళ్ళాక రమ్మన్న ఇద్దరమ్మగార్లూ గుమ్మంలోకి వచ్చి "రేపు రావే" అన్నారు. "ఆలోచించుకుని చెప్తానండి, నడుం నొప్పిగా ఉంది" అంది వెంకటలక్ష్మి, మహా మర్యాదగా.

చివరికి ఆటో కాలవ దాటి వాళ్ళ పేటలోకి తిరిగింది. దింపు మోకు భుజాన వేసుకుని వాళ్ళాయన గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు. చుట్టూ ఇళ్ళవాళ్ళు బయటికి వచ్చారు. మాస్టారు గొంతు సవరించుకుని మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు.

వెంకటలక్ష్మి వెనక్కి తిరిగి మైకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడ అక్కర్లేదండి" అంది. "ఈళ్ళు అంజనం చూడలేదండి. నన్ను చూసేరు."